ఉద్యోగాలు చేసుకుంటూ ఖండాన్ని గెలిచిన జట్టు: ఆక్లాండ్ సిటీని ఎలా అర్థం చేసుకోవాలి?

2025 జూన్ 15న ఫిఫా క్లబ్ ప్రపంచ కప్‌లో భాగంగా అమెరికాలోని సిన్సినాటి నగరంలో జర్మనీ జట్టు బయెర్న్ మ్యూనిక్ చేతిలో న్యూజిలాండ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆక్లాండ్ సిటీ 0-10తో ఓడిపోయింది. అయిదు రోజుల తర్వాత పోర్చుగల్ జట్టు బెన్‌ఫికా చేతిలో 0-6తో ఓడింది. మరో నాలుగు రోజులు గడిచాయి. జూన్ 24న నాష్‌విల్‌లో అదే జట్టు, దాదాపు అదే ఆటగాళ్ళతో, అర్జెంటీనా దిగ్గజం బోకా జూనియర్స్‌ను 1-1తో నిలువరించింది. ఆక్లాండ్ తరఫున ఆ గోల్ కొట్టిన డిఫెండర్ క్రిస్టియన్ గ్రే అప్పటికి వ్యాయామ ఉపాధ్యాయుడిగా శిక్షణ పొందుతున్నాడు.

మొదటి మ్యాచ్ ముగిశాక ఫుట్‌బాల్ ప్రపంచం ఒకే ప్రశ్న అడిగింది: ఈ స్థాయి పోటీలోకి ఇలాంటి జట్టును ఎందుకు రానిచ్చారు? మూడో మ్యాచ్ ముగిశాక అదే ప్రపంచం లేచి చప్పట్లు కొట్టింది. వెక్కిరింపు, మెచ్చుకోలు రెండూ ఆ జట్టు ఎక్కడి నుంచి వచ్చిందో పట్టించుకోలేదు. ఆక్లాండ్ సిటీ అదృష్టం కొద్దీ వచ్చిన అతిథి కాదు. ఓషియానియా క్లబ్ టోర్నీలో 13 సార్లు విజేత. ఆ పసిఫిక్ మహాసముద్ర ప్రాంతంలో దాని దరిదాపుల్లోకి వచ్చిన క్లబ్బే లేదు. ఖండ విజేతగా 13 సార్లు నిలిచిన జట్టు ఒక్క మ్యాచ్‌లో పది గోల్స్ ఇచ్చుకోవడం ఏమిటి? ఈ రెండూ ఒకే ఏర్పాటు నుంచి పుట్టాయి. ఒక వలస సమాజం కట్టుకున్న పేట క్లబ్బు, ఓషియానియా ఫుట్‌బాల్ పటంలో వచ్చిన ఒక పెద్ద మార్పు, ఆటగాళ్ళ చెల్లింపులపై ఉన్న ఒక నిబంధన: ఈ మూడూ తెలిస్తే తప్ప ఆక్లాండ్ సిటీ అర్థం కాదు.

బంక తవ్వకాల నుంచి బంతి ఆట దాకా

ఆక్లాండ్ సిటీ ఏర్పడింది 2004లో. దాని వేళ్ళు మాత్రం చాలా పాతవి. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో, నేటి క్రొయేషియాలోని డాల్మేషియా తీరం నుంచి యువకులు న్యూజిలాండ్ ఉత్తర ప్రాంతానికి వలస వెళ్ళారు. అప్పట్లో ఆ తీరం ఆస్ట్రియా సామ్రాజ్యం కింద ఉండేది. కొత్త దేశంలో వాళ్ళకు దొరికిన పని నేలలో పాతుకుపోయిన కౌరి చెట్ల బంకను తవ్వి తీయడం. వార్నిష్ తయారీలో వాడే ఆ బంకకు విదేశాల్లో మంచి గిరాకీ ఉండేది. బురదలో, పొదల్లో రోజంతా తవ్వే ఆ పని చేసినవారిలో స్థానిక మావోరీలూ ఉన్నారు. రెండు జాతుల మధ్య పెళ్ళిళ్ళు జరిగాయి, కుటుంబాలు కలిశాయి. బంక వ్యాపారం సన్నగిల్లాక డాల్మేషియన్లు ద్రాక్ష తోటలు, పండ్ల తోటలు వేశారు. క్రమంగా ఆక్లాండ్ నగరానికి చేరారు.

1962లో ఆక్లాండ్‌లోని ఆ సమాజం వారు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నారు. తర్వాతి కాలంలో సెంట్రల్ యునైటెడ్‌గా పేరుపొందింది అదే. న్యూజిలాండ్ రగ్బీ దేశం. బడి మైదానాలు, పత్రికల పేజీలు, ప్రకటనల డబ్బు అన్నిటా రగ్బీదే పెద్ద వాటా. ఫుట్‌బాల్‌ను కాపాడిన వారిలో వలస వచ్చిన కుటుంబాల పాత్ర చాలా ఉంది. రాజధానిలో వెల్లింగ్టన్ ఒలింపిక్ అనే క్లబ్బును గ్రీకులు స్థాపిస్తే, ఆక్లాండ్‌లో సెంట్రల్‌ను క్రొయేషియన్లు నడిపారు. ఆదివారాలు కలుసుకోవడానికి, సొంత భాషలో మాట్లాడుకోవడానికి, పిల్లల్ని ఒక చోట చేర్చడానికి అలాంటి క్లబ్బులు ఆసరా అయ్యాయి. సెంట్రల్ ఆటలోనూ గట్టిదే. దేశవాళీ నాకౌట్ టోర్నీ అయిన చాథమ్ కప్‌ను 1997లో, 1998లో గెలిచింది. 1999లో, 2001లో జాతీయ టైటిల్ కూడా సాధించింది. నెదర్లాండ్స్‌లో రోడా, ఆర్కేసీ వాల్‌వైక్ క్లబ్బులకు ఆడి, 2010 ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్ జట్టులో నిలిచిన ఇవాన్ విసెలిచ్ ఈ క్లబ్బుకు ఆడినవాడే. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

2004లో న్యూజిలాండ్ ఫుట్‌బాల్ పాలకులు ఎనిమిది జట్లతో కొత్త జాతీయ లీగ్ మొదలుపెట్టారు. పాత క్లబ్బులు ఉన్నవి ఉన్నట్టుగా కాకుండా నగరాలకు, ప్రాంతాలకు ప్రాతినిధ్యం వహించే కొత్త జట్లు ఉండాలన్నది వారి ఆలోచన. అప్పుడు సెంట్రల్ వాళ్ళు ముందుకొచ్చి ఆక్లాండ్ సిటీని ఏర్పాటు చేశారు. మైదానం పాతదే. సాండ్రింగ్‌హామ్ పేటలో ఇళ్ళ మధ్య ఉన్న కివిటియా స్ట్రీట్ మైదానం సుమారు 3,500 మందిని పట్టగలదు. భారతీయ సరుకుల దుకాణాలు, హోటళ్ళు వరసగా ఉండే సాండ్రింగ్‌హామ్ ఆక్లాండ్‌లో స్థిరపడిన మనవాళ్ళకు కొత్త కాదు. ఆ దుకాణాలకు కాస్త దూరంలోనే ఒక ఖండ విజేత శిక్షణ పొందుతుందని ఊహించడం మాత్రం కష్టం.

కొత్త లీగ్ మొదటి మూడు టైటిళ్ళూ ఆక్లాండ్ సిటీవే. కొత్త జట్టు అంత వేగంగా కుదురుకోవడం కొందరికి ఆశ్చర్యం కలిగించి ఉండవచ్చు. కానీ జెర్సీ మీద పేరు మారింది గానీ వెనుక నాలుగు దశాబ్దాల అనుభవం ఉన్న మనుషులు అలాగే ఉన్నారు. 2021లో న్యూజిలాండ్ మళ్ళీ లీగ్ వ్యవస్థను మార్చి ప్రాంతీయ లీగ్‌లతో ముడిపెట్టినప్పుడు, ఉత్తర ప్రాంత లీగ్‌లో సెంట్రల్ స్థానంలోకి ఆక్లాండ్ సిటీ వచ్చి చేరింది. అలా తల్లి క్లబ్బు, పిల్ల క్లబ్బు ఒక్కటిగా సాగుతున్నాయి.

పటంలో ఏర్పడిన ఖాళీ

రెండో పోగు కాస్త చిక్కుగా ఉంటుంది. ఇది పట్టుకోకపోతే 13 టైటిళ్ళకు కారణం దొరకదు.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను ఆరు ఖండ సమాఖ్యలు నడుపుతాయి. వాటిలో చిన్నది ఓషియానియా. 11 పూర్తి సభ్య దేశాలు, ప్రాంతాలు ఇందులో ఉన్నాయి: న్యూజిలాండ్, ఫిజీ, పాపువా న్యూ గినియా, సోలమన్ దీవులు, వనువాటు, న్యూ కాలెడోనియా, తాహితి, సమోవా, అమెరికన్ సమోవా, టోంగా, కుక్ దీవులు. ఒకప్పుడు వీటన్నిటికన్నా బలమైన ఆస్ట్రేలియా కూడా ఇక్కడే ఉండేది. అది ఉన్నన్నాళ్ళూ క్లబ్ టోర్నీ దానిదే. అడిలైడ్ సిటీ, సౌత్ మెల్‌బోర్న్, వొలొంగాంగ్, సిడ్నీ ఎఫ్‌సీ ఇలా ప్రతిసారీ ఏదో ఒక ఆస్ట్రేలియా క్లబ్బే గెలిచింది.

2006 జనవరి 1 నుంచి ఆస్ట్రేలియా ఆసియా సమాఖ్యలోకి వెళ్ళిపోయింది. గట్టి పోటీ, పెద్ద మార్కెట్, ప్రపంచ కప్‌కు నేరుగా దారి అక్కడ ఉన్నాయి. ఓషియానియాలో మిగిలిన వాటిలో పెద్ద ఆర్థిక వ్యవస్థ, మంచి మైదానాలు, ఏడాది పొడవునా శిక్షణ సౌకర్యాలు ఉన్నది న్యూజిలాండ్ ఒక్కటే. అదే 2006లో ఆక్లాండ్ సిటీ తొలిసారి ఖండ విజేత అయ్యింది. ఫైనల్లో తాహితి జట్టు ఏఎస్ పిరాయెను 3-1తో ఓడించింది.

ఇక్కడితో అయిపోలేదు. న్యూజిలాండ్‌లో పూర్తి జీతాలిచ్చే వృత్తి క్లబ్బు లేకపోలేదు. వెల్లింగ్టన్ ఫీనిక్స్ 2007 నుంచి ఉంది. కానీ అది ఆడేది ఆస్ట్రేలియా లీగ్‌లో. న్యూజిలాండ్ ఓషియానియా సభ్య దేశం కాబట్టి ఫీనిక్స్‌కు ఆసియా చాంపియన్స్ లీగ్‌లో చోటు లేదు. ఆస్ట్రేలియా లీగ్‌లో ఆడుతుంది కాబట్టి ఓషియానియా చాంపియన్స్ లీగ్‌లోనూ లేదు. దేశంలో ఎక్కువ జీతం తీసుకునే ఆటగాళ్ళు ఖండ స్థాయి టోర్నీకి పూర్తిగా దూరంగా ఉండిపోయారు. వాళ్ళు ఖాళీ చేసిన చోట పగలు ఉద్యోగం చేసి సాయంత్రం శిక్షణకు వచ్చేవాళ్ళు నిలబడ్డారు.

అయితే ఖాళీ ఉన్నంత మాత్రాన అది తనంతట తాను ఒకే క్లబ్బుతో నిండదు. 2006 నుంచి 2025 వరకు ఈ టోర్నీ 18 సార్లు పూర్తయింది. ఆక్లాండ్ నగరంలోనే పశ్చిమ శివార్లకు చెందిన వైటాకెరె యునైటెడ్ 2007లో, 2008లో గెలిచింది. పాపువా న్యూ గినియా జట్టు హెకారి యునైటెడ్ 2010లో, టీమ్ వెల్లింగ్టన్ 2018లో, న్యూ కాలెడోనియాకు చెందిన హియెంగెన్ స్పోర్ట్ 2019లో నెగ్గాయి. మిగిలిన 13 ఆక్లాండ్ సిటీవి. 2011 నుంచి 2017 వరకు వరసగా ఏడు గెలిచింది. కోవిడ్ కారణంగా టోర్నీ ఆగిపోయి మళ్ళీ మొదలయ్యాక 2022 నుంచి 2025 దాకా వరసగా నాలుగు. పక్కనే ఉన్న వైటాకెరెకూ, టీమ్ వెల్లింగ్టన్‌కూ అవే సౌకర్యాలు, అవే నిబంధనలు ఉన్నాయి. అవి ఒకటి రెండు సార్లు గెలిచి ఆగిపోయాయి. ఆ తేడాను పటం వివరించలేదు. దానికి క్లబ్బు లోపలికి వెళ్ళాలి.

వారానికి 150 డాలర్లు

న్యూజిలాండ్ దేశవాళీ ఆటకు అమెచ్యూర్ హోదా ఉంది. అంటే ఆటగాళ్ళకు జీతం ఉండదు, ఖర్చుల కింద కొంత ఇస్తారు. ఆ మొత్తానికి ఉన్న పరిమితి వారానికి 150 న్యూజిలాండ్ డాలర్లు. మన రూపాయల్లో ఎనిమిది వేల లోపు. ఆక్లాండ్ లాంటి ఖరీదైన నగరంలో అది ఏ మూలకూ చాలదు. కాబట్టి అందరికీ వేరే ఉద్యోగాలు ఉంటాయి. 2025లో అమెరికా వెళ్ళిన జట్టులో గోల్‌కీపర్ కానర్ ట్రేసీ పశువుల మందుల గోదాములో పనిచేస్తాడు. కెప్టెన్ మారియో ఇలిచ్ శీతల పానీయాల సంస్థలో సేల్స్ ఉద్యోగి. కొందరు ఆ టోర్నీ కోసం జీతం లేని సెలవు పెట్టి వెళ్ళారు. ఈ ఆటగాళ్ళకు శిక్షణ అంటే పని ముగించుకుని, ట్రాఫిక్ దాటుకుని, అలసటతోనే మైదానానికి చేరడం.

అందరికీ ఒకే పరిమితి ఉన్నప్పుడు డబ్బుతో ఆటగాళ్ళను లాక్కోవడం కుదరదు. అలాంటప్పుడు ఆటగాడు క్లబ్బును ఎలా ఎంచుకుంటాడు? మంచి కోచింగ్, స్నేహపూరితమైన వాతావరణం, అన్నిటికీ మించి ప్రపంచ వేదిక మీద ఆడే అవకాశం చూసుకుంటాడు. ఓషియానియా విజేతకు ఏటా ఫిఫా క్లబ్ ప్రపంచ కప్‌లో చోటు ఉండేది. ఒకసారి గెలిస్తే ఆ ఆకర్షణతో మంచి ఆటగాళ్ళు వస్తారు. వాళ్ళు వస్తే మళ్ళీ గెలుస్తారు. జీతాల పరిమితి అందరినీ సమానం చేస్తుందని అనుకుంటాం. ఇక్కడ అది గెలిచినవాడికే మరింత బలం ఇచ్చింది. నిబంధన రాసినవారు ఈ పర్యవసానాన్ని ఊహించి ఉండరు.

ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకోవడంలో ఒక స్పెయిన్ కోచ్ పాత్ర పెద్దది. రామోన్ త్రిబులియెట్స్ 2010లో పగ్గాలు అందుకున్నాడు. బంతిని వెనక నుంచి ఓపికగా కట్టుకుంటూ రావడం, ఎక్కువ సమయం తమ దగ్గరే ఉంచుకోవడం అతని పద్ధతి. పొడవాటి కిక్కులకు, శారీరక బలానికి అలవాటుపడిన న్యూజిలాండ్ ఫుట్‌బాల్‌లో అది వేరుగా కనిపించింది. బార్సిలోనా నీడలో పెరిగిన మానెల్ ఎక్స్‌పోసితో, డిఫెండర్ ఆంహెల్ బెర్లాంగా, మిడ్‌ఫీల్డర్ అల్బెర్ట్ రియెరా వంటి స్పెయిన్ ఆటగాళ్ళు వచ్చారు. జపాన్ నుంచి తకుయా ఇవాతా, అర్జెంటీనా నుంచి ఎమిలియానో తాదే చేరారు. వీళ్ళలో ఎవరూ కోట్ల కోసం రాలేదు. ఒక దేశం చూద్దామని, ఏదో పని చేసుకుంటూ ఆడదామని వచ్చి ఇక్కడే ఆటగాళ్ళుగా వికసించారు. రియెరా తర్వాత అదే క్లబ్బుకు కోచ్ కూడా అయ్యాడు. వలస వచ్చినవారు కట్టిన క్లబ్బు కొత్తగా వచ్చినవారికి చోటు ఇవ్వడంలో ఇబ్బంది పడలేదు. ఆక్లాండ్ సిటీ బలానికి మూలం ఏది అని నన్ను అడిగితే ఈ గుణాన్నే మొదట చెబుతాను.

భారతీయ అభిమానులకు ఇక్కడ ఒక దగ్గరి ముడి ఉంది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఏటీకే తరఫున టైటిల్ గెలిచి, తర్వాత మోహన్ బగాన్, బెంగళూరు, ఒడిశా జట్లకు ఆడిన రాయ్ కృష్ణ 2013-14లో ఆక్లాండ్ సిటీ ఆటగాడు. ఫిజీలో పుట్టిన భారత సంతతి స్ట్రైకర్. 2013 క్లబ్ ప్రపంచ కప్‌లో మొరాకో జట్టు రాజా కాసాబ్లాంకా మీద ఆక్లాండ్‌కు గోల్ కొట్టి స్కోరు 1-1 చేసింది అతనే. చివరి క్షణాల్లో రాజా మరో గోల్ కొట్టి గట్టెక్కింది. ఆ రాజా ఫైనల్ దాకా వెళ్ళి బయెర్న్ చేతిలో 0-2తో మాత్రమే ఓడింది. ఆక్లాండ్ ఎంత దగ్గరగా వచ్చిందో ఆ లెక్క చెబుతుంది.

మొరాకోలో 2014 డిసెంబరు

ఈ క్లబ్బు చరిత్రలో ఒక్క టోర్నీ గురించే చెప్పమంటే 2014 క్లబ్ ప్రపంచ కప్ గురించి చెప్పాలి. అంతకు ముందు దాని రికార్డు మిశ్రమంగా ఉంది. 2006లో రెండు మ్యాచ్‌లూ ఓడింది. 2009లో అబుదాబిలో ఆతిథ్య దేశపు అల్ అహ్లీని 2-0తో, ఆఫ్రికా విజేత టీపీ మజెంబేను 3-2తో ఓడించి అయిదో స్థానంలో నిలిచింది. తర్వాత 2011, 2012, 2013లలో మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టింది. కాబట్టి 2014లో మొరాకో వెళ్ళినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మొదట ఆతిథ్య దేశ విజేత మొగ్రెబ్ తెతువాన్‌తో మ్యాచ్. గోల్స్ లేవు. పెనాల్టీ షూటౌట్‌లో ఆక్లాండ్ 4-3తో నెగ్గింది. క్వార్టర్‌ఫైనల్లో ఎదురైంది అల్జీరియాకు చెందిన ఈఎస్ సెతిఫ్, అంటే ఆ ఏటి ఆఫ్రికా విజేత. ద్వితీయార్ధంలో జాన్ ఇర్వింగ్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఆక్లాండ్ గెలిచింది.

సెమీఫైనల్ ప్రత్యర్థి దక్షిణ అమెరికా విజేత, అర్జెంటీనా జట్టు శాన్ లొరెంజో. మొదటి భాగం ముగిసే వేళకు 0-1తో వెనకబడ్డ ఆక్లాండ్ బెదరలేదు. 67వ నిమిషంలో బెర్లాంగా గోల్‌తో సమం చేసింది. 90 నిమిషాలు ముగిసేసరికి 1-1. పగలు కార్యాలయాల్లో, దుకాణాల్లో పనిచేసే మనుషులు లిబర్తదోరెస్ కప్ విజేతను అదనపు సమయానికి లాక్కెళ్ళారు. ఆ అదనపు సమయం మొదలైన కాసేపటికే శాన్ లొరెంజో రెండో గోల్ కొట్టింది. అది కాక ఇంకోటి జరిగి ఉంటే ఫైనల్లో క్రిస్టియానో రొనాల్డో, సెర్హియో రామోస్‌లున్న రియల్ మాడ్రిడ్‌తో ఆక్లాండ్ సిటీ తలపడేది.

మూడో స్థానం కోసం మెక్సికో జట్టు క్రూజ్ అజుల్‌తో ఆడారు. ర్యాన్ డి వ్రీస్ గోల్‌తో ఆధిక్యంలోకి వెళ్ళినా మ్యాచ్ 1-1గా ముగిసింది. షూటౌట్‌లో ఆక్లాండ్ 4-2తో గెలిచింది. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడికిచ్చే బంగారు బంతి రామోస్‌కు, వెండి బంతి రొనాల్డోకు దక్కాయి. కాంస్య బంతి అందుకున్నది ఆక్లాండ్ కెప్టెన్, 38 ఏళ్ళ ఇవాన్ విసెలిచ్. డాల్మేషియన్ల పేట క్లబ్బులో, ఆపై ఐరోపాలో ఆడి, తిరిగి అదే మైదానానికి వచ్చిన మనిషి. మూడో స్థానానికి ఫిఫా ఇచ్చిన బహుమతి 25 లక్షల అమెరికా డాలర్లు.

సంఖ్యల కన్నా ఆట తీరు ముఖ్యం. మొత్తం జట్టును గోల్ ముందు గోడలా నిలబెట్టి ఎలాగోలా నెట్టుకొచ్చిన విజయాలు కావు అవి. బంతి తమ దగ్గర ఉన్నప్పుడు పాస్‌లతో ముందుకు వెళ్ళారు, లేనప్పుడు క్రమశిక్షణగా వెనక్కి వచ్చారు. అమెచ్యూర్ అన్న మాట చెల్లింపు పద్ధతికి సంబంధించినదే కానీ ఆట నాణ్యతకు కొలబద్ద కాదని ఆ నాలుగు మ్యాచ్‌లు రుజువు చేశాయి. నాకు ఈ క్లబ్బు మీద గౌరవం ఏర్పడింది అక్కడే.

నాణేనికి మరో వైపు

పొగడ్త ఒక్కటే చెబితే ఫిజీలోనో సోలమన్ దీవుల్లోనో ఉన్న పాఠకుడు ఒప్పుకోడు. అతని వైపు నుంచి చూడాలి. 2013, 2015, 2016, 2017 ఫైనల్స్‌లో రెండు జట్లూ న్యూజిలాండ్‌వే. 2015లో టోర్నీ ఫిజీలో జరిగినా తుదిపోరులో తలపడింది ఆక్లాండ్ సిటీ, టీమ్ వెల్లింగ్టన్. దీవుల్లో పుట్టిన ఆటగాళ్ళలో సహజమైన నైపుణ్యానికి లోటు లేదు. సోలమన్ దీవుల్లో ఫుట్‌బాల్ మీదున్న పిచ్చి రగ్బీ దేశమైన న్యూజిలాండ్‌లో కనిపించదు. కానీ వాళ్ళకు ఏడాదంతా సాగే లీగ్‌లు, మంచి పచ్చిక మైదానాలు, వైద్య సహాయం తక్కువ. ఒక దీవి నుంచి మరో దీవికి విమానంలో వెళ్ళాలంటే ఒక్కోసారి ఆక్లాండ్ మీదుగా తిరిగి రావాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. 17 లక్షల జనాభా ఉన్న ఆక్లాండ్‌తో పోటీపడడం ఎవరికైనా కష్టమే.

దానికి తోడు ప్రపంచ పోటీల బహుమతి సొమ్ము ఏటా ఒకే చోటికి చేరింది. జీతాలకు పరిమితి ఉన్నా మైదానం, సిబ్బంది, ప్రయాణాలు, యువజట్ల మీద ఆ డబ్బు ఖర్చు పెట్టవచ్చు. దాంతో దూరం పెరుగుతుంది. ఈ ఏకపక్షం ఓషియానియాకు మంచి చేయలేదన్నది నా అభిప్రాయం. 2010లో హెకారి, 2019లో హియెంగెన్ గెలిచినప్పుడు ఆయా దీవుల్లో కలిగిన ఉత్సాహం ఇంకా తరచుగా కలగాల్సింది. ఇందులో ఆక్లాండ్ సిటీని తప్పుపట్టలేం. నిబంధనలకు లోబడి ఉన్నంతలో బాగా ఆడింది. టోర్నీని, పంపకాలను రూపొందించాల్సిన బాధ్యత సమాఖ్యది.

పోటీ పలచగా ఉండడం ఆక్లాండ్‌కు కూడా నష్టమే. ఏడాదిలో ఎక్కువ భాగం తన కన్నా బలహీనమైన జట్లతో ఆడి, ఒక్కసారిగా ఐరోపా, ఆసియా వృత్తి జట్ల ఎదుట నిలబడాలి. ఆ వేగానికి కాళ్ళు అలవాటుపడే లోపే టోర్నీ ముగుస్తుంది. 2015 నుంచి 2017 వరకు వరసగా మూడేళ్ళు మొదటి మ్యాచ్‌లోనే నిష్క్రమించింది. అన్నీ ఒకటి రెండు గోల్స్ తేడాతోనే. 2023లో మొదట ఈజిప్టు జట్టు అల్ అహ్లీ, ఆ తర్వాత సౌదీ అరేబియా జట్టు అల్ ఇత్తిహాద్ 3-0తో ఓడించాయి. ఖండ విజేతలు తలపడే ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో 2024లో యూఏఈ జట్టు అల్ అయిన్ 6-2తో గెలిచింది. ఆసియా, ఆఫ్రికా పెద్ద క్లబ్బులు డబ్బులోనూ దేహదారుఢ్యంలోనూ వేగంగా ఎదుగుతుంటే, వారానికి 150 డాలర్ల జట్టు అక్కడే ఉండిపోయింది. సిన్సినాటికి ముందే ఆ సూచనలు కనిపిస్తున్నాయి.

పది గోల్స్, తర్వాత ఒక గోల్

2025లో ఫిఫా క్లబ్ ప్రపంచ కప్‌ను 32 జట్లకు పెంచి నాలుగేళ్ళకోసారి జరిగే టోర్నీగా మార్చింది. ఓషియానియాకు ఒక్క చోటు. 2022, 2023, 2024 విజేతగా ఆక్లాండ్ సిటీకి అది దక్కింది. పాత పద్ధతిలో మొదటి మ్యాచ్ సాధారణంగా ఆతిథ్య దేశపు జట్టుతోనో ఆసియా జట్టుతోనో ఉండేది. కొత్త పద్ధతిలో తొలి రోజే బయెర్న్ ఎదురైంది. జమాల్ ముసియాలా మూడు గోల్స్ కొట్టాడు. కోమన్, ఒలీసే, ముల్లర్ తలా రెండు, బోయే ఒకటి. పది గోల్స్ తేడాను చూసి ఎవరైనా ఆశ్చర్యపోతే, ఆ రెండు జట్ల సన్నాహక పరిస్థితులను చూసి వాళ్ళు ముందే ఆశ్చర్యపోయి ఉండాల్సింది.

బోకాతో మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి ఆక్లాండ్‌కు తదుపరి దశకు వెళ్ళే ఆశ లేదు. బోకాకు ఉంది, కాబట్టి అది తెగించి ఆడింది. 26వ నిమిషంలో గోలు స్తంభానికి తగిలిన బంతి గోల్‌కీపర్ నేథన్ గారో ఒంటికి తగిలి లోపలికి వెళ్ళింది. అలాంటి దురదృష్టం తర్వాత చాలా జట్లు కుప్పకూలతాయి. 52వ నిమిషంలో ఆక్లాండ్‌కు కార్నర్ కిక్ దొరికింది. గ్రే అందరికన్నా ఎత్తుకు ఎగిరి తలతో కొట్టాడు, బంతి వలలో పడింది. ఆ టోర్నీ మొత్తంలో ఆక్లాండ్ చేసిన ఏకైక గోల్ అది. పిడుగుల హెచ్చరికతో ఆట కాసేపు ఆగింది. మళ్ళీ మొదలయ్యాక బోకా ఎంత ఒత్తిడి తెచ్చినా గారో, అతని ముందున్న డిఫెండర్లు చలించలేదు.

గ్రూప్ దశలో డ్రాకు ఫిఫా ఇచ్చే మొత్తం 10 లక్షల అమెరికా డాలర్లు, అంటే ఎనిమిదిన్నర కోట్ల రూపాయలకు పైనే. పాల్గొన్నందుకు ఓషియానియా జట్టుకు ఇచ్చింది 35.8 లక్షల డాలర్లు. ఐరోపా జట్లకు పాల్గొన్నందుకే కనీసం 1.28 కోట్ల డాలర్లు ముట్టాయి. ఆట మొదలు కాకముందే ఉన్న అంతరం ఇది. ఆ అంతరంతో పోలిస్తే నాష్‌విల్ డ్రా విలువ తెలుస్తుంది. ఆక్లాండ్ లాంటి చిన్న క్లబ్బుకు ఈ సొమ్ము భారీ మొత్తం. దాన్ని దేశంలోని మిగతా క్లబ్బులతో ఎలా పంచుకోవాలన్నది న్యాయమైన ప్రశ్న. నా దృష్టిలో గెలిచిన క్లబ్బుకు పెద్ద వాటా ఉండాలి, మిగిలినది కింది స్థాయి మైదానాలకూ మహిళల, బాలల జట్లకూ చేరాలి.

వృత్తి ఆట తలుపు తట్టాక

ఇప్పుడు పటం మళ్ళీ మారింది. 2024లో ఆక్లాండ్ ఎఫ్‌సీ అనే కొత్త వృత్తి క్లబ్బు ఆస్ట్రేలియా లీగ్‌లో అడుగుపెట్టి, మొదటి ఏడాదే పట్టికలో అగ్రస్థానంలో నిలిచింది. పేర్లు దగ్గరగా ఉండడంతో చాలామంది దీన్ని ఆక్లాండ్ సిటీగా పొరబడుతున్నారు. రెండూ పూర్తిగా వేరు. ఒకటి అమెరికా పెట్టుబడిదారు డబ్బుతో వచ్చిన వృత్తి జట్టు, రెండోది సభ్యులు నడిపే పేట క్లబ్బు. 2026 జనవరిలో ఓషియానియా సమాఖ్య ప్రో లీగ్‌ను ప్రారంభించింది. ఎనిమిది జట్లలో న్యూజిలాండ్ నుంచి ఆక్లాండ్ ఎఫ్‌సీ, సౌత్ ఐలాండ్ యునైటెడ్ చోటు పొందాయి. ఫిజీ, పాపువా న్యూ గినియా, సోలమన్ దీవులు, తాహితి, వనువాటు నుంచి ఒక్కొక్కటి, ఆస్ట్రేలియా నుంచి సౌత్ మెల్‌బోర్న్ ఉన్నాయి. 13 సార్లు ఖండాన్ని గెలిచిన ఆక్లాండ్ సిటీ ఈ జాబితాలో లేదు.

ఈ లీగ్ రావడాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. దీవుల ఆటగాళ్ళకు సొంత ప్రాంతంలోనే ఆటతో జీవనం సాగించే దారి ఏర్పడుతుంది. ప్రపంచ వేదిక మీద ఓషియానియా జట్టు పది గోల్స్ తేడాతో ఓడే రోజులు తగ్గవచ్చు. 2026 ప్రపంచ కప్ నుంచి ఓషియానియాకు నేరుగా ఒక చోటు దొరికింది. న్యూజిలాండ్ దాన్ని 2025 మార్చిలో ఆక్లాండ్‌లోని ఈడెన్ పార్క్‌లో న్యూ కాలెడోనియా మీద 3-0 విజయంతో అందుకుంది. జాతీయ జట్లకు దారి తెరుచుకున్న కాలంలోనే క్లబ్బుల స్థాయి కూడా పెరగడం అవసరం.

కానీ ప్రో లీగ్‌లో చోటు పిచ్ మీద గెలిచి సంపాదించుకునేది కాదు, సమాఖ్య ఎంపిక చేసి ఇచ్చేది. కివిటియా స్ట్రీట్ లాంటి చోట ఎన్ని టైటిళ్ళు గెలిచినా పైకి వెళ్ళే మెట్టు కనిపించదు. 2004లో కొత్త లీగ్ పెట్టినప్పుడు సెంట్రల్ వాళ్ళు కొత్త పేరుతోనైనా లోపలికి రాగలిగారు. ఆ చిన్న వెసులుబాటు లేకపోతే ఈ 13 టైటిళ్ళు ఉండేవి కావు, మొరాకో ఉండేది కాదు. న్యూజిలాండ్ జాతీయ లీగ్ విజేతకు, దీవుల దేశవాళీ విజేతలకు ప్రో లీగ్ జట్లతో తలపడే అర్హత పోటీ ఏటా ఒకటైనా పెట్టాలని సమాఖ్యను అడగాల్సిన సమయం ఇదే. అలాంటి పోటీ పెడితే మొదటి ఏడాది అందులో ఆడే జట్లలో ఆక్లాండ్ సిటీ ఉంటుందని నమ్మడానికి రెండు దశాబ్దాల చరిత్ర చాలు.